బొంత కుట్టే సామాను: ఏది ముందు కొనాలి, ఏది ఎప్పుడు, ఎలా వాడాలి

"మిషన్ ఇంట్లోనే ఉంది, పాత చీరెలు పెట్టెనిండా ఉన్నాయి, బొంత మొదలుపెట్టాం, సగంలో ఆగిపోయింది." నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ చాలామంది ఆడవాళ్ళు నాతో అన్న మాట ఇది. ఎందుకు ఆగిందని అడిగితే సూది విరిగిందంటారు, అడుగున దారం ఉండ కట్టిందంటారు, గళ్ళు కలవలేదంటారు, ఉతికితే రంగు దిగిందంటారు. తప్పంతా తమ చేతిదో, మిషన్‌దో అనుకుంటారు. నేను చూసినంతవరకు తప్పు ఎక్కువసార్లు సూది నంబరులోనో, దారంలోనో, ముందు చేయాల్సిన పని చేయకపోవడంలోనో ఉంటుంది. అందుకని సామాను గురించి బొంత కుట్టే వరుసలోనే చెబుతాను.

లెక్క కోసం ఒక బొంత అనుకుందాం. ఒక మనిషి కప్పుకునేది, 60 ఇంచుల వెడల్పు, 90 ఇంచుల పొడవు. పైన 6 ఇంచుల గళ్ళు, అంటే చదరపు బట్ట ముక్కలు, అడ్డంగా 10, నిలువుగా 15, మొత్తం 150. మధ్యలో ఒక పాత నూలు చీరె, అడుగున ఇంకో నూలు చీరె. మన దగ్గర వానాకాలం రాత్రులకు ఇది సరిపోతుంది. చలికాలానికైతే మధ్యలో రెండో చీరె వేసుకోండి.

1. సామాను కొనే ముందు బట్ట చూసుకోండి

పాత చీరెను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పల్చబడ్డ చోట్లు వెంటనే కనిపిస్తాయి. మోకాళ్ళ దగ్గర, కూర్చునే చోట చీరె ముందుగా అరుగుతుంది. ఆ భాగాన్ని రెండు చేతుల బొటనవేళ్ళతో అటూ ఇటూ లాగండి. చిరిగే చప్పుడు వస్తే ఆ ముక్క మధ్య పొరకు కూడా పనికిరాదు. ఎంత మంచి దారంతో కుట్టినా కుట్టు పక్కనే చిరుగుతుంది.

గళ్ళకు కొత్త జాకెట్టు ముక్కలు వాడేటట్లయితే ముందు ఉతికి ఆరేయండి. పాత చీరె ఎన్నోసార్లు ఉతికి కుదించుకుపోయి ఉంటుంది, కొత్త ముక్క ఇంకా కుదించుకోలేదు. రెండూ కలిపి కుట్టి ఆ తర్వాత ఉతికితే బొంత ముడతలు పడేది అందుకే.

రంగు పరీక్ష తప్పకుండా చేయండి. తెల్ల గుడ్డను తడిపి, బట్ట మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను విడిగా ఉతకండి. మూడు నాలుగు ఉతుకుల తర్వాత కూడా నీళ్ళలోకి రంగు దిగుతుంటే దాన్ని లేత రంగుల పక్కన పెట్టవద్దు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు. ఇప్పుడు వచ్చే చాలా రంగులకు అది పనిచేయదు, ఉప్పును నమ్ముకోకండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా చెల్లెలి కూతురు పుట్టినప్పుడు నేను కుట్టిన బొంతలో మెరూన్ రంగు గళ్ళు ముప్పై దాకా ఉన్నాయి, అడుగున తెల్ల పాప్లిన్ వేశాను. మొదటి ఉతుకులోనే తెల్లదంతా మచ్చలు మచ్చలుగా గులాబీ రంగుకు తిరిగింది. నెలరోజుల పని అది. రుద్ది చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది.

మన వైపు చేనేత చీరెలకు సంబంధించి రెండు సంగతులు:

- గద్వాల చీరెలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఉతికినప్పుడు నూలు ఒకలా, పట్టు ఒకలా కుదించుకుంటాయి. అంచును కత్తిరించి విడిగా పెట్టి, ఒళ్ళు మాత్రమే బొంతకు వాడండి.
- పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ బట్టలో నూలుకే ముందుగా రంగు వేసి నేస్తారు. కాబట్టి అచ్చు వేసిన బట్టలా వెనకవైపు వెలిసినట్టు ఉండదు. ఒకవైపు మచ్చ ఉంటే తిప్పి వాడుకోవచ్చు.

సింథటిక్ చీరెలు కలపకండి. ఇస్త్రీ వేడికి ముడుచుకుంటాయి, జారిపోతాయి, కప్పుకుంటే చెమట పడుతుంది.

2. కత్తెర: రెండు కావాలి, మూడోది మీ ఇష్టం

బట్టకు 8 నుంచి 10 ఇంచుల పెద్ద కత్తెర ఒకటి, దారం తుంచడానికి చిన్నది ఒకటి. పెద్ద కత్తెరతో కాగితం, అట్ట, ప్లాస్టిక్ ఏదీ కోయకూడదు. పిల్లలకు అందకుండా దాచండి, లేదా పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టి "ఇది బట్ట కత్తెర" అని ఇంట్లో అందరికీ చెప్పండి.

పదును చూడాలంటే తడిపి పిండిన పల్చటి గుడ్డను కత్తెర కొనతో కోయండి. కొన దగ్గర కూడా తెగితే బాగుంది. నమిలినట్టు మడత పడితే సాన పెట్టించాలి. సైకిల్ మీద సాన పట్టేవాళ్ళు వస్తే ఇది బట్ట కత్తెర అని ముందే చెప్పండి, కూరగాయల కత్తిలా పట్టేస్తే అంచు పాడవుతుంది.

మూడోది గుండ్రటి బ్లేడుండే రోటరీ కట్టర్. 45 మి.మీ. బ్లేడుది గళ్ళ పనికి అనువుగా ఉంటుంది. నాలుగు పొరలు ఒకేసారి, గీత తప్పకుండా కోస్తుంది. అయితే దాని కింద పరిచే మ్యాట్, పక్కన ఆనించే మందపు అక్రిలిక్ స్కేలు కూడా కొనాలి, మూడూ కలిస్తేనే పని. మ్యాట్ లేకుండా బండ మీద కోస్తే బ్లేడు ఆ పూటకే మొద్దుబారుతుంది. మొదటి బొంతకు ఈ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. రెండోది కూడా కుట్టాలనిపిస్తే అప్పుడు తెప్పించుకోండి. ప్రతి కోత తర్వాత బ్లేడు మూత వేయడం మాత్రం అలవాటు చేసుకోండి, వేలు తెగితే లోతుగా తెగుతుంది.

3. కొలత, గుర్తు

టేపు 60 ఇంచులది చాలు. పాత టేపు సాగి ఉంటుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి 12 ఇంచులు 12 ఇంచులకు కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే అది ఇక పనికి రాదు, సగం బొంత ఒక టేపుతో, మిగతా సగం ఇంకో టేపుతో కొలవడం అంతకన్నా తప్పు.

గళ్ళకు టేపు వాడకండి. గట్టి అట్టతో ఆరున్నర ఇంచుల చదరం కోసి పెట్టుకోండి. 6 ఇంచుల గడికి నాలుగు వైపులా పావు ఇంచు కుట్టు కోసం పోతుంది కాబట్టి ఆరున్నర. ఒకే అట్టతో 150 గళ్ళు గీస్తే అట్ట మూలలు అరిగి గడి చిన్నదవుతుంది. ఒకేలాంటివి మూడు అట్టలు కోసుకుని, 50 గళ్ళకొకటి మార్చండి.

80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క 44 ఇంచుల పన్నా ఉంటే 24 గళ్ళు వస్తాయి. ఏడు ముక్కలుంటే 150 గళ్ళు పోను కొన్ని మిగులుతాయి. చివర్లో ఒకటి రెండు పాడైనప్పుడు అవే ఆదుకుంటాయి.

గుర్తుకు టైలర్ చాక్ మంచిది. దాని అంచు మొద్దుబారితే గీత లావవుతుంది, కత్తితో గీకి పదును చేసుకోవాలి. మా అమ్మమ్మ స్నానం సబ్బు అరిగిపోయి రేకులా మిగిలిన ముక్కను వారం రోజులు ఎండబెట్టి దాచేది. ముదురు రంగు బట్ట మీద ఆ సబ్బు గీత తెల్లగా, సన్నగా పడుతుంది, మొదటి ఉతుకులో ఆనవాలు లేకుండా పోతుంది. నేను ఇప్పటికీ అదే వాడతాను. లేత రంగుల మీద మాత్రం నీలం చాక్. బాల్‌పెన్ను, స్కెచ్ పెన్ను వద్దు. గుర్తు ఏదైనా ఎప్పుడూ బట్ట వెనకవైపే పెట్టండి.

4. సూదులు: ఇక్కడ తొందర పడవద్దు

సూదులు ఎంతో ఖరీదు కాదు, కానీ పని చెడిపోయేది ఎక్కువగా సూది దగ్గరే.

మిషన్ సూదికి నంబరు పెరిగేకొద్దీ సూది లావు. చేతి సూదికి నంబరు పెరిగేకొద్దీ సన్నం. ఈ తిరకాసు తెలియక దుకాణంలో "పెద్ద నంబరు ఇవ్వండి" అని అడిగి ఒకదానికి బదులు ఇంకొకటి తెచ్చుకుంటారు. మిషన్ సూది ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే 90 అంటే సూది మందం 0.90 మి.మీ., 14 దాని ఇంకో నంబరు. రెండూ ఒకే సూదివి.

బొంతలో ఏ పనికి ఏ సూది:

- రెండు పల్చటి గళ్ళు కలపడానికి: 11 లేదా 14
- పై పొర, చీరె, అడుగు పొర కలిపి కుట్టడానికి: 16
- అతుకులు కలిసే చోట నాలుగైదు మడతలు వస్తే: 18
- చేతి కుట్టుకు: పొడవు తక్కువగా, గట్టిగా ఉండే సూది. పొడవాటి సూది మందంలో వంగుతుంది.
- కచ్చా కుట్టుకు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే వదులు కుట్టు): పొడవాటి సూది. ఒక్కసారికి నాలుగైదు పోట్లు పడతాయి.

దబ్బనం గోనెసంచులకు, చాలా మందంగా ఉండే బొంతలకు. పల్చటి చీరెల బొంతకు దబ్బనం వాడితే కన్నాలు పెద్దవై అలాగే ఉండిపోతాయి.

ఇంటి మిషన్ సూదికి పైభాగంలో ఒకవైపు చదునుగా ఉంటుంది. దానికి ఎదురువైపు సూది పొడవునా సన్నటి గాడి ఉంటుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. దారం ఎప్పుడూ గాడి ఉన్న వైపు నుంచే ఎక్కించాలి. సూది తిప్పి పెడితే కుట్టు పడదు, లేదా రెండు పోట్లకొకసారి తప్పుతుంది. సూదిని పైకి ఆనేదాకా తోసి, ఆ తర్వాత స్క్రూ బిగించండి. ఫ్యాక్టరీ మిషన్ల సూదులకు ఆ చదును ఉండదు, గుండ్రంగా ఉంటాయి. అందుకే దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ పాత సూదిని కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి.

సూది విరిగేదాకా వాడాలనుకోవడం తప్పు. ఎనిమిది గంటల కుట్టు తర్వాత మార్చేయండి. బట్టలోకి దిగేటప్పుడు "టప్ టప్" మని చప్పుడు వస్తుంటే మొన మొద్దుబారినట్టే. మొన చూడాలంటే పాత పట్టు గుడ్డ మీద మెల్లగా గీయండి, పోగు లేస్తే పారేయాలి. పారేసేటప్పుడు ఖాళీ మాత్రల డబ్బాలో వేసి మూత పెట్టండి, చెత్త ఎత్తేవాళ్ళ చేతికి గుచ్చుకోకూడదు.

గుండుసూదులు, పిన్నీసులు కూడా ఇక్కడే చెప్పేస్తాను. గుండుసూదులు గాజు తల ఉన్నవి తీసుకోండి, ప్లాస్టిక్ తలలు ఇస్త్రీ పెట్టెకు కరుగుతాయి. పిన్నీసులు తుప్పు పట్టనివి చిన్న సైజువి 150 దాకా కావాలి. కింద పడినవి ఏరడానికి పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం చాలు.

5. దారం

గళ్ళు కలపడానికి మామూలు కుట్టు దారం సరిపోతుంది. బొంత కుట్టుకు దానికన్నా లావు నూలు దారం. నూలు దారంలో నంబరు తక్కువైతే దారం లావు: 60 కన్నా 40 లావు.

పాత నూలు చీరెల మీద నేను నూలు దారమే వాడతాను. బొంతను ఎవరో ఒకరు ఏదో ఒక రోజు గట్టిగా లాగుతారు. అప్పుడు దారం తెగితే తిరిగి కుట్టుకోవచ్చు. దారం తెగకుండా చీరె చిరిగితే అతుకు వేయాల్సిందే.

దారం కొనేటప్పుడు రెండు చేతులతో పట్టి చటుక్కున లాగి చూడండి. ఎండలో షోకేసులో చాలాకాలం ఉన్న రీలు దారం ఇట్టే తెగుతుంది. ఇంట్లో డబ్బాలో పదేళ్ళుగా ఉన్న రీళ్ళకూ ఇదే పరీక్ష.

చేతి కుట్టుకు మూరెడు దారం తీసుకోండి, మోచేతి నుంచి వేలి కొస దాకా. మాటిమాటికీ సూదికి దారం ఎక్కించడం ఎందుకని రెండు బారలు తీసుకుంటారు, అదే మెలిపడి ముడులు పడుతుంది, పదేపదే బట్టలోంచి లాగడంతో పోగులు లేస్తుంది. తేనెమైనం దొరికితే దారాన్ని దాని మీదుగా ఒకసారి లాగండి. దొరకకపోతే కొవ్వొత్తి ముక్క. రీలు నుంచి ముందుగా వచ్చిన కొసనే సూదిలోకి ఎక్కించి, తెంపిన కొసకు ముడి వేస్తే మెలికలు తగ్గుతాయి.

6. మిషన్‌ను సిద్ధం చేయడం

అడుగున బట్టను నడిపే పళ్ళ దగ్గర ప్లేటు విప్పి పాత బ్రష్షుతో దుమ్ము తీయండి. పీచు అక్కడ దూదిలా గట్టిపడి ఉంటుంది. రంధ్రాల్లో మిషన్ ఆయిల్ ఒక్కొక్క చుక్క వేసి, దారం లేకుండా రెండు నిమిషాలు తొక్కండి. తర్వాత పనికిరాని గుడ్డ మీద నూనె మరక పడడం ఆగేదాకా కుట్టండి. కొబ్బరినూనె వేయవద్దు. జిగురు కట్టి చక్రం బరువెక్కుతుంది.

పై దారం ఎక్కించేటప్పుడు ఫుట్ (బట్టను ఒత్తి పట్టే కాలు) పైకెత్తి ఉంచండి. ఫుట్ దించి ఉంటే దారాన్ని బిగించి పట్టే టెన్షన్ రేకులు దగ్గరపడి ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. అడుగున ఉండలు కట్టడానికి చాలాసార్లు ఇదే కారణం. అడుగున కనబడుతోంది కదా అని అందరూ అడుగు దారం చుట్టిన బాబిన్‌ను తిడతారు.

బాబిన్ టెన్షన్ చూడడానికి బాబిన్ కేసును దారం పట్టుకుని వేలాడదీయండి. దానంతట అది జారకూడదు. చేతిని చిన్నగా కుదిపితే రెండు మూడు ఇంచులు జారి ఆగాలి. జారకపోతే కేసు మీది చిన్న స్క్రూను ఎడమవైపు కొద్దిగా తిప్పండి, గడియారం ముల్లులో అయిదు నిమిషాలంత. బాగా జారితే కుడివైపు.

చివరగా, మీరు కుట్టబోయే పొరలనే, అంటే గడి ముక్క, చీరె ముక్క, అడుగు ముక్క, ఒకదాని మీద ఒకటి వేసి జానెడు కుట్టి చూడండి. గళ్ళు కలపడానికి ఇంచుకు 10 నుంచి 12 కుట్లు, బొంత కుట్టుకు 8 లేదా 9.

- అడుగు దారం పైకి కనబడితే: పై టెన్షన్ వదులు చేయండి.
- పై దారం అడుగున కనబడితే: పై దారం మళ్ళీ ఎక్కించండి, అప్పటికీ అలాగే ఉంటే టెన్షన్ బిగించండి.
- కుట్లు తప్పుతుంటే: కొత్త సూది.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. రెండు స్క్రూలూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు.

7. గళ్ళు కలపడం

పావు ఇంచు కుట్టు ఒకే తీరుగా రావాలి. ప్రతి కుట్టులో పావులో పావు ఇంచు ఎక్కువ పోయిందనుకోండి, రెండు గళ్ళ మీదా కలిపి అరపావు ఇంచు తగ్గుతుంది. నిలువునా 14 అతుకులు. చివరికి ఒకటి ముప్పావు ఇంచు తక్కువవుతుంది. పక్క వరుస సరిగ్గా వస్తే రెండూ కలవవు. గళ్ళు కలవకపోవడం అంటే ఇదే.

సూది నుంచి కుడివైపు పావు ఇంచు కొలిచి, మిషన్ పళ్ళెం మీద మందపాటి టేపు ముక్క అతికించండి. బట్ట అంచు దానికి ఆని నడవాలి. సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఒకటిన్నర ఇంచు వెడల్పు పీలికలు మూడు కోసి, పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేయండి. మధ్య పీలిక సరిగ్గా ఒక ఇంచు రావాలి. తగ్గితే టేపును కొంచెం సూది వైపు జరపండి, పెరిగితే దూరంగా.

ఇస్త్రీ పెట్టె కుట్టు పనిలో కత్తెరంత ముఖ్యం. ప్రతి వరుస కుట్టగానే అతుకును ఒకవైపు మడిచి ఇస్త్రీ చేయాలి. పెట్టెను అటూ ఇటూ లాగకండి, గడి సాగుతుంది. పైనుంచి ఒత్తి ఎత్తండి. మొదటి వరుస అతుకులు కుడివైపు, రెండో వరుసవి ఎడమవైపు, అలా మార్చి మార్చి మడిస్తే వరుసలు కలిపేటప్పుడు అతుకులు ఒకదానికొకటి ఒదిగి కూర్చుంటాయి, మూలలు కలుస్తాయి.

తప్పు పడితే విప్పడానికి సీమ్ రిప్పర్ కొనండి. బ్లేడుతో గీస్తే బట్ట తెగుతుంది. ఒకవైపు ప్రతి నాలుగో కుట్టు తెంపి, రెండోవైపు దారం పట్టుకుని లాగితే మొత్తం ఒక్కసారిగా వస్తుంది.

8. పొరలు పరచడం

అడుగు చీరె అంచులు తీసేసి, 98 ఇంచుల ముక్కలు రెండు కోయండి. అయిదున్నర మీటర్ల చీరె అంటే 216 ఇంచులు, సరిపోతుంది. రెండింటినీ పొడవునా కలిపి, వెడల్పు 66 ఇంచులకు కోయండి. పక్కన మిగిలిన పట్టీని పారేయకండి, అంచుకు అదే. మధ్య చీరె కూడా అలాగే. ఈ రెండు పొరలూ పై పొర కన్నా నాలుగు వైపులా కనీసం మూడు ఇంచులు పెద్దగా ఉండాలి, కుట్టేటప్పుడు లోపలికి గుంజుకుంటాయి.

బండలు తుడిచి ఆరనివ్వండి. అడుగు చీరెను వెనకవైపు పైకి వచ్చేలా పరిచి, ముడతల్లేకుండా నాలుగు వైపులా టేపుతో బండకు అతికించండి. సాగేంత గట్టిగా లాగవద్దు, టేపు తీయగానే ముడుచుకుంటుంది. దాని మీద మధ్య చీరె, ఆ పైన గళ్ళ పొర. ప్రతి పొరను మధ్య నుంచి బయటికి అరచేత్తో సాపు చేయండి.

ఇప్పుడు పిన్నీసులు. మధ్య గడి నుంచి మొదలుపెట్టి ప్రతి గడి మధ్యలో ఒకటి, మొత్తం 150. మిషన్ మీద కుట్టేవాళ్ళు అతుకుల వెంబడి కచ్చా కుట్టు కూడా వేసుకోండి. ఎన్ని పిన్నీసులు పెట్టారో కాగితం మీద రాసి పెట్టండి. బొంత పూర్తయ్యాక అన్నీ తిరిగి డబ్బాలోకి వచ్చాయో లేదో లెక్క చూసుకోవాలి, ఎందుకంటే దాని మీద పడుకునేది పిల్లలు.

9. బొంత కుట్టు

చేత్తో అయితే మధ్యవేలికి అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు) తప్పనిసరి. మొదటి గంట అడ్డంగా అనిపిస్తుంది. అది లేకుండా 150 గళ్ళు కుడితే వేలి చివర చర్మం లేచిపోతుంది. వేలికి బిగుతుగా, చేయి కిందికి దించితే జారనంతగా ఉండాలి. ఎండాకాలం కొన్నది చలికాలం వదులవుతుంది, లోపల కొంచెం గుడ్డ పెట్టుకోండి.

మా అమ్మమ్మ కుట్టే తీరు నాకు కళ్ళముందే ఉంది. అరుగు మీద బొంత పరిచి, కుట్టిన భాగం మీద తను కూర్చునేది, ఆ బరువుకు పొరలు కదిలేవి కావు. సూదిని నిలువుగా దింపి, ఎడమచేతి వేలిని బొంత కింద ఆనించి ఉంచేది. సూది మొన ఆ వేలికి తగిలీ తగలగానే పైకి తిప్పేది. అలా మూడు నాలుగు పోట్లు సూది మీదికి ఎక్కించి, అంగుస్తానాతో ఒక్క తోపు. అడుగువైపు కూడా పైవైపులాగే సమానంగా పడాలంటే ఆ కింది వేలే దిక్కు. కొత్తవాళ్ళు పైనున్న చెయ్యినే చూసుకుంటారు, అడుగున కుట్టు పడిందో లేదో తెలియదు. నాలుగు వేళ్ళ వెడల్పుకొక వరుస చాలు, అంతకన్నా దూరమైతే ఉతికినప్పుడు మధ్య చీరె ముద్దకడుతుంది. ముడి పైకి కనబడకుండా, దారాన్ని చిన్నగా గుంజి ముడిని మధ్య పొరలోకి దింపండి.

మిషన్ మీదైతే సూది మార్చండి, 16. ఫుట్ ఒత్తిడి స్క్రూ కొంచెం వదులు చేయండి. మధ్య అతుకు నుంచి మొదలుపెట్టి, కుడివైపు, ఎడమవైపు మార్చి మార్చి కుట్టండి. సూదికి కుడివైపు ఉండే బొంతను చాపలా చుట్టి మిషన్ మెడ కింద ఖాళీలో పెట్టుకోవాలి. బొంత బరువు కిందికి వేలాడితే సూది వంగి విరుగుతుంది, పక్కన కుర్చీయో స్టూలో వేసి బరువు దాని మీద ఉండేలా చూడండి. బట్టను వెనక నుంచి లాగవద్దు.

పై పొర, అడుగు పొర కలిసి కదలడానికి వాకింగ్ ఫుట్ అని దొరుకుతుంది. కొనేటట్లయితే మీ మిషన్ మోడల్ చెప్పి, సరిపోతుందని ఖాయం చేసుకున్నాకే కొనండి. నాకు చుట్టుపక్కల దొరకక తెప్పించుకున్నాను, మొదటిది నా మిషన్‌కు పట్టలేదు.

10. అంచు

బొంతను 60 × 90కి నాలుగు వైపులా సాపుగా కోయండి. చుట్టుకొలత 300 ఇంచులు, మూలలకూ అతుకులకూ ఇంకో 12. మిగిలిన చీరె పట్టీలోంచి రెండున్నర ఇంచుల వెడల్పుతో 98 ఇంచుల పీలికలు నాలుగు కోస్తే సరిపోతాయి. పీలికలను ఏటవాలుగా కలపండి, నిటారుగా కలిపితే ఆ చోట మడతలన్నీ ఒకేచోట గడ్డకడతాయి. నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, పైవైపు మిషన్‌తో కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి.

నారాయణపేట చీరె అంచు అందంగా ఉంటుందని బొంత అంచుకు వాడాలనిపిస్తుంది. నూలు అంచైతే వాడండి. జరీ ఉంటే మాత్రం వద్దు. మెడ దగ్గర గీసుకుంటుంది, పసిపిల్లలకైతే ఇంకా ఇబ్బంది.

11. డబ్బు ఏ వరుసలో పెట్టాలి

మ్యాచింగ్ సెంటర్లలో దారం, సూదులు, చాక్, అస్తర్ బట్ట దొరుకుతాయి. మిషన్ రిపేరు చేసే చోట బాబిన్లు, ఆయిల్, ఫుట్లు. నల్గొండలో గడియారం సెంటర్ చుట్టూ, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ చుట్టూ తిరిగితే మొదటి జాబితా అంతా ఒక పూటలో అయిపోతుంది.

మొదటి రోజే కొనాల్సినవి:
- మిషన్ సూదులు 14, 16 (చెరొక ప్యాకెట్), చేతి సూదులు
- బట్ట కత్తెర, దారం తుంచే చిన్న కత్తెర
- టేపు, టైలర్ చాక్
- కుట్టు దారం, లావు నూలు దారం
- మిషన్ ఆయిల్, అదనపు బాబిన్లు నాలుగు
- అంగుస్తానా

పొరలు పరిచే నాటికి:
- పిన్నీసులు 150
- గాజు తల గుండుసూదులు
- సీమ్ రిప్పర్

రెండో బొంతకు:
- రోటరీ కట్టర్, మ్యాట్, అక్రిలిక్ స్కేలు
- వాకింగ్ ఫుట్

కత్తెర, సూదుల దగ్గర చవకకు పోకండి. చాక్, టేపు, డబ్బాలు ఎంత చవకవైనా ఫర్వాలేదు.

12. మొదటి ఉతుకు

పిన్నీసుల లెక్క సరిపోయాకే నీళ్ళలో వేయండి. చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బు, పక్కన ఒక తెల్ల గుడ్డపీలిక కూడా వేయండి, రంగు దిగుతుంటే అది చెబుతుంది. బొంతను నానబెట్టి వదిలేయకండి, బండకేసి కొట్టకండి. పిండేటప్పుడు మెలిపెట్టకుండా తొక్కి నీళ్ళు తీయండి. తడి బొంత చాలా బరువుంటుంది, ఒక్క తీగ మీద వేస్తే మధ్య కుట్లు సాగుతాయి. రెండు మూడు తీగల మీదుగా పరిచినట్టు వేసి నీడలో ఆరనివ్వండి. ఆరాక అంచు చుట్టూ ఒకసారి వేలితో తడిమి చూడండి. ఊడిన కుట్టు ఉంటే ఆ పూటే వేసేయండి.